బూర గొంతు మారింది

జూలై 6, ఆదివారం

బూర ముసలిదైపోయింది. ఇవాళ ఫ్రిజ్ తలుపు తీశాను, కొత్తిమీర కవరు గట్టిగా నలిపాను, పేరు పెట్టి పిలిచాను కూడా. పంజరం ఊచల మీద ముందు కాళ్లు వేసి నిలబడి మూతి పైకెత్తింది. అంతే. అరుపు లేదు.

మా అమ్మాయి శాలిని ఇంటర్‌లో ఉన్నప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర కొనుక్కొచ్చిన గినీ పిగ్ ఇది. అప్పుడు అరచేతిలో ఇమిడిపోయేది. అరిస్తే మాత్రం కింది వాటావాళ్లు పైకొచ్చి ఏమైందండీ అని అడిగేవాళ్లు. ఏళ్ల తరబడి ఆర్టీసీ బస్సు నడిపిన మా ఆయన ఆ గొంతు విని, ఇది నా హారన్‌ని మించిపోయిందే అని బూర అని పేరు పెట్టారు. ఇప్పుడు దానికి ఆరేళ్లు. మనుషుల లెక్కలో నాకంటే పెద్దదే అయ్యుంటుంది.

ఒళ్లో పడుకోబెట్టుకుని వీపు నిమిరితే కడుపులోంచి గుర్రుమంటుంది. అది మాత్రం బాగా వినిపిస్తుంది. చాలు. పెద్దతనంలో అరవాల్సిన పనేముంది.

జూలై 9

గన్నవరం నుంచి శాలిని వీడియో కాల్. వెటర్నరీ కాలేజీలో ఆఖరి సంవత్సరం కదా, ఏదో ప్రాజెక్టు చెయ్యాలట. పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా గినీ పిగ్ గొంతు ఎలా మారుతుందో రికార్డు చేసి చూస్తుందట.

"అమ్మా, బూర అరుపులు రోజూ ఫోన్లో రికార్డ్ చేసి పంపవా?"

"అరిస్తే కదే పంపడానికి."

"అదేంటి, బూర అరవట్లేదా?"

"వయసైపోయిందిగా. నోరే విప్పట్లేదు."

వయసు మీద పడేకొద్దీ గొంతు బొంగురుపోతుందని, అరుపులు తగ్గిస్తాయని వాళ్ల మేడం కూడా చెప్పారట. చూశావా, నేను చెప్పలా అన్నాను. తర్వాత ఇంకేదో అడిగింది గాని సరిగ్గా వినపడలేదు. గన్నవరంలో సిగ్నల్ ఎప్పుడూ ఇంతే.

జూలై 13, ఆదివారం

సండే స్కూల్ పిల్లలతో పాట ప్రాక్టీసు. సెప్టెంబరులో హనుమాన్ జంక్షన్ చర్చిలో పాడాలి. స్కూల్లో పాఠాలు చెబుతూనే పాతికేళ్లు ఈ క్వయర్ నడిపాను, రిటైరయ్యాక ఇంకా బాగా నడపాలనుకున్నాను. ఈ కాలం పిల్లలకు గొంతే లేదు. ముఖ్యంగా ఆ బ్లెస్సీ, శౌరమ్మగారి మనవరాలు. ఏడేళ్ల పిల్ల. పెదాలు కదుపుతుంది, అంతే. గట్టిగా పాడవే అంటే "పాడతన్నానాంటీ" అంటుంది. వెనక వరసలో నిలబెట్టాను.

పైన ఆ ఫ్యాను ఒకటి. దాని గోలలో ఎవరికేం వినపడుతుంది.

జూలై 16

రేపు మా ముప్ఫయ్యో పెళ్లిరోజు. కాఫీ తాగుతూ ఆయన ఏమన్నారో రాసుకోవాలి, లేకపోతే నేనే నమ్మను. "కంకిపాడు పోదాం పద, నీకో మంచి కీర కొంటాను" అన్నారు.

కీరకాయ. ముప్ఫై ఏళ్ల కాపురానికి. బూర మీద ప్రేమ ఉండొచ్చు, దానికి కీర ఇష్టమే కావచ్చు. దానికి కంకిపాడు దాకా దేనికండీ, పటమట రైతు బజార్లో దొరకదా అన్నాను. ఆయన నా వంక అదోలా చూశారు.

సాయంత్రం నేనే వెళ్లి ఒక సంచెడు కీరకాయలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒకటి ఉప్పూ కారం వేసుకుని తిన్నారు.

ఈ మధ్య మాట కూడా నమిలేస్తున్నారు. పళ్ల డాక్టరుకి చూపించుకోండి అంటే నవ్వుతారు.

జూలై 20, ఆదివారం

శాలిని వచ్చింది. చేతుల్లో అట్టపెట్టె, అందులో ఇద్దరు పసివాళ్లు. క్లాసులో ఎవరింట్లోనో గినీ పిగ్ ఈనిందట. పాలు మానిన పిల్లల్ని బూరకు తోడుంటాయని తెచ్చింది. ఒకటి తెల్లగా, ఒకటి గోధుమరంగుగా. రవ్వ, నూక అని పేర్లు పెట్టాం. తల్లి కోసం బెంగపెట్టుకుని గోల చేస్తాయేమో అనుకున్నాను. ఎంత బుద్ధిమంతులో. నోట్లో నాలుక లేదు. మూల నక్కి వణుకుతూ కూర్చున్నాయి.

"ఎంత నెమ్మదస్తులే ఈ పిల్లలు" అన్నాను.

శాలిని, వాళ్ల నాన్న మొహమొహాలు చూసుకున్నారు.

జూలై 21

ఆయన పగటి నిద్రకు చెవుల్లో దూది పెట్టుకున్నారు. వేషాలు.

జూలై 27, ఆదివారం

ప్రాక్టీసులో బ్లెస్సీ మళ్లీ అంతే. ఆ ఒక్క చరణం దాన్నే పాడమన్నాను. నోరంతా తెరిచి నిలబడింది, చప్పుడు లేదు. నాతో ఆటలా అనిపించింది. "పాడితే పాడు, లేకపోతే ఇంటికెళ్లు" అన్నాను. అందరి ముందూ అన్నాను. మిగతా పిల్లలంతా బిగుసుకుపోయారు. ఆ పిల్ల కళ్లు నిండిపోయాయి. శౌరమ్మగారు వెనక బెంచీ మీంచి లేచి, దాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయారు.

అయిపోయాక పాస్టరయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"అమలగారూ, కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండమ్మా. కీబోర్డు వాయించే జయంత్ ఉన్నాడుగా, ఈ సెప్టెంబరు వరకూ వాడు చూసుకుంటాడు."

"నేనేం అలిసిపోలేదండీ."

"అలిసిపోయారని కాదమ్మా" అని ఇంకేదో అన్నారు. ఆయన కూడా మాట నమిలేస్తున్నారు.

జూలై 28

నేనేం అలిసిపోలేదు.

ఆగస్టు 2, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున శాలిని వచ్చింది. ప్రాజెక్టుకు అరుపులు తక్కువయ్యాయట. ఫోన్ పంజరం ముందు పెట్టి, ఫ్రిజ్ తలుపు నన్నే తియ్యమంది. తీశాను. కొత్తిమీర తీశాను. బూర లేచి నిలబడింది, రవ్వా నూకా దాని పక్కన నిలబడ్డాయి. ముగ్గురూ మూతులెత్తి నన్నే చూస్తున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

"చూశావుగా. ఒక్కటీ అరవదు" అన్నాను.

శాలిని ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. తెర మీద అరుపుల బొమ్మ గీసే యాప్ ఉంది. శబ్దం ఎంత సన్నదైతే గీత అంత పైకి పోతుందట. తెర నిండా గీతలే, వరి మడిలో నారు గుచ్చినట్టు.

"ఇవి పిల్లలవి, బాగా పైనున్నాయి చూడు. ఈ లావు గీత బూరది. చిన్నప్పుడు ఇదీ అంత పైనే ఉండేది, వయసుతో కిందికొచ్చింది. కానీ అరవడం ఆపలేదమ్మా. నువ్వు తలుపు తీసిన దగ్గర్నుంచీ అరుస్తూనే ఉంది."

"నీ యాప్ పాడైపోయుంటుంది."

"అమ్మా."

"కొత్తది వేసుకో."

నేను పొయ్యివైపు తిరిగాను. కాసేపటికి శాలిని వచ్చి నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "వెనకనించి ఎన్నిసార్లు పిలిచానో తెలుసా. నువ్వు నా నోరు చూస్తే తప్ప నా మాట వినట్లేదమ్మా. నాన్నకీ తెలుసు. నీతో ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నారు."

వంటింట్లోంచి వెళ్లిపోయి బట్టలు మడత పెట్టాను. మడతపెట్టినవే విప్పి మళ్లీ మడతపెట్టాను.

ఆగస్టు 4

యాప్ పాడైంది. ఫోన్లన్నీ ఈమధ్య అంతే.

ఆగస్టు 5

చెవి డాక్టరు దగ్గరికి వెళ్లను. నాకు యాభై ఎనిమిదే.

ఆగస్టు 7

మధ్యాహ్నం ఆయన బయటికెళ్లారు. నూకను పంజరంలోంచి తీసి చేతుల్లో పెట్టుకున్నాను. రవ్వ కనిపించకపోయేసరికి దాని ఒళ్లంతా బిగిసింది. మెడ కింద వేలు పెట్టాను. వేలి కింద ఏదో గట్టిగా కొట్టుకుంటోంది, ఆగి మళ్లీ కొట్టుకుంటోంది. ఒక్కో కుదుపుకీ ఆ చిన్న ఒళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతోంది. చెవికి ఆనించుకున్నాను. వెచ్చటి ఊపిరి తగిలింది. ఊపిరి మాత్రమే.

అంత గట్టిగా ఏడుస్తోంది నా చెవి పక్కన. నెమ్మదస్తురాలని మురిసిపోయింది నేనే.

దాన్ని రవ్వ దగ్గర వదిలాను. బ్లెస్సీ నోరు తెరుచుకుని నిలబడిన తీరు గుర్తొచ్చి నేల మీద అలాగే కూర్చుండిపోయాను.

ఆయన వచ్చాక చెప్పాను, "ఏమండీ, నాకు వినపడట్లేదు" అని. ఆయన చెప్పులు విప్పబోతున్నవారు ఆగిపోయారు. "సూర్యారావుపేటలో డాక్టరుని కనుక్కుని ఉంచాన్లే" అన్నారు. నా మొహంలోకి చూస్తూ, ప్రతి అక్షరం విడదీసి అన్నారు. ఇన్నాళ్లూ ఆయన అలాగే మాట్లాడుతున్నారని ఇప్పుడు తెలిసింది.

ఆగస్టు 11

డాక్టరు చెవుల్లో లైటు వేసి చూసి, పక్క గదిలో పరీక్షకు పంపారు. పరీక్ష చేసేది పవన్‌కుమార్ అనే కుర్రాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి తలకు హెడ్‌ఫోన్ తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. మొదట్లో అన్నీ వినిపించాయి. ఆవు అంబా అన్నట్టు ఒకటి, పడవ మోటారులా ఒకటి. భలే, నాకేం లేదనుకున్నాను. తర్వాత ఏవీ రాలేదు. పరీక్ష అయిపోయిందనుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. అద్దం అవతల అతను ఇంకా మీటలు తిప్పుతూనే ఉన్నాడు.

బయటికొచ్చాక చెప్పాడు. "కింది శబ్దాలు బానే ఉన్నాయండి మీకు. పై శబ్దాలు రావట్లేదు. పిల్లల గొంతులు, పిట్టల కూతలు, ఇంకా మాటల్లో క, చ, స, ట, ఇలాంటి అక్షరాలు కలిసిపోతాయి. వయసుతో చాలామందికి వచ్చేదేనండి. మెషీన్ పెట్టుకుంటే బాగా తేడా తెలుస్తుంది."

మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "క, చ కలిసిపోతాయా?"

"అవునండి."

"అయితే చీర అంటే?"

"కీర అని వినపడొచ్చండి."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. పెద్ద శబ్దం లేకుండా, భుజాలు ఊగిపోతూ. "ముప్ఫయ్యో పెళ్లిరోజుకి చీర కొంటాను రమ్మన్నానండీ ఈవిడ్ని. సంచెడు కీరకాయలు తెచ్చి నా ముందు పోసింది. ఎందుకో తెలీకుండా తిన్నాను."

పవన్‌కుమార్ పెదవి కొరుక్కున్నాడు, ఆగలేక తనూ నవ్వేశాడు. నాకు ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఆటోలో ఇల్లు చేరేదాకా ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

ఆగస్టు 20

వచ్చాయి. రెండు చెవులకీ రెండు, చింతగింజంత ఉన్నాయి.

రోడ్డు మీదికి రాగానే భయమేసింది. చెప్పులు చప్పుడు చేస్తాయని మర్చేపోయాను. గాజులు, జాకెట్టుకు చీర చెంగు రాసుకోవడం, ఆటోవాడి జేబులో తాళాలు. మా మెట్ల పక్కన చెట్టు మీద ఎవరో ఉన్నారు, మాట్లాడుతూనే ఉన్నారు. "పిచికలు" అన్నారు ఆయన.

ఇంట్లో అడుగుపెట్టాను. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లడానికి మనసొప్పక ముందు నీళ్లు తాగాను, మొహం కడుక్కున్నాను. అప్పుడు తలుపు తీశాను.

ఇల్లు హోరెత్తిపోయింది.

చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. రవ్వా నూకావి సూదితో గుచ్చినట్టున్న సన్నటి కూతలు, ఒకటి ఆపకముందే రెండోది అందుకుంటోంది. వాటి మధ్యలో బూర. అది నాకు తెలిసిన గొంతు కాదు. నా బూరది నిట్టనిలువుగా పైకెళ్లే గొంతు. ఇది కాస్త కిందినుంచి మొదలై, ఎక్కుతూ ఎక్కుతూ చివర్న జీరపోయి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్లీ మొదలవుతోంది. చర్చిలో బాగా పెద్దవాళ్లు పాట అందుకున్నట్టుంది. ఎంత బాగుందో. కొత్తిమీర ఇవ్వడం మర్చిపోయి విన్నాను, అందుకు అది ఇంకా అరిచింది.

శాలినికి ఫోన్ చేస్తే బూర చిన్నప్పటి రికార్డింగ్ పంపింది. దాన్నీ విన్నాను, ముసలి బూరనీ విన్నాను. మధ్యలో ఈ గొంతు ఏ రోజు ఎలా మారిందో నాకు తెలీదు. నేను అక్కడే ఉన్నాను, రోజూ కీర కోసి పెడుతూనే ఉన్నాను. పోన్లే. ఇవాళ్టి నుంచి ఒక్కటీ వదలను.

"ఇంక చాలు, దానికేమైనా పెట్టు" అన్నారు ఆయన ముందు గదిలోంచి. నేను అటు తిరక్కుండానే విన్నాను.

ఆగస్టు 22

ఆయన మాట నమలడం లేదు. అసలు ఆపడమే లేదు. ఈ మెషీన్‌కి శబ్దం తగ్గించే బటన్ కూడా ఉందట, శాలినిని అడిగి నేర్చుకోవాలి.

ఆగస్టు 24, ఆదివారం

చర్చి అయ్యాక కృష్ణలంకలో శౌరమ్మగారింటికి వెళ్లాను. రవ్వనీ నూకనీ బుట్టలో వెంట తీసుకెళ్లాను, ఎందుకో నాకే తెలీదు, ఒంటరిగా వెళ్లడానికి ధైర్యం చాల్లేదేమో. బ్యారేజీ గేట్లెత్తినట్టున్నారు, కరకట్ట గోడ అవతల నీటి హోరు. శౌరమ్మగారు గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్నారు. నన్ను చూసి లేచారు గాని లోపలికి రమ్మనలేదు.

"పిల్లకి ఒంట్లో బాలేదండి" అన్నారు. లోపల పిల్ల గెంతుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"శౌరమ్మగారూ, మీ మనవరాలు బాగానే పాడింది. నాకే వినపడలేదు." చెవి వెనక జుట్టు తీసి చూపించాను. "తప్పు నాదండీ. ఆ మాట దానికి కూడా చెప్పి వెళ్దామని వచ్చాను."

ఆవిడ మెషీన్‌ని పరీక్షగా చూశారు. "మీవారు జయపాల్‌గారు ముందే చెప్పుండొచ్చు గదండి" అన్నారు చివరికి. "రండి, లోపలికి రండి టీచరుగారూ."

బ్లెస్సీ తలుపు వెనక ఉంది. నా మొహం చూడలేదు, బుట్ట చూసింది. లోపల రవ్వ ఒక్క కూత వేసేసరికి పూర్తిగా బయటికొచ్చింది. రవ్వను ఒళ్లో పెట్టాను. చాలాసేపు దాని చెవులు నిమిరి, నిమిరి, అప్పుడు అడిగింది.

"ఇప్పుడు నేను పాడితే మీకు వినపడుద్దా ఆంటీ?"

"పాడి చూడు."

పాడింది. ఆ చరణమే. ఇన్నాళ్లూ నేను వెనక వరసలో దాచిపెట్టిన గొంతు అది. వెన్నులో జల్లుమంది. అయినా టీచర్ని కదా, విన్నది చెప్పకుండా ఉండలేకపోయాను. "రెండో లైన్లో శ్రుతి కొంచెం కిందికి జారిందమ్మా" అన్నాను.

శౌరమ్మగారు కంగారుగా చూశారు. బ్లెస్సీ మొహం మాత్రం వెలిగిపోయింది. "నానమ్మా, ఆంటీకి నిజంగానే వినపడింది" అంది.

సెప్టెంబరు 14, ఆదివారం

హనుమాన్ జంక్షన్ నుంచి ఇప్పుడే వచ్చాం. కాళ్లు లాగుతున్నాయి. జయంత్‌ని కీబోర్డు దగ్గరే ఉండమని, ముందు నేనే నిలబడ్డాను. పాస్టరయ్యగారే నిలబడమన్నారు. పిల్లలు రెండుసార్లు ఒకే చరణం పాడేశారు, ఎవరికీ తెలీలేదు, మాకు తప్ప. బ్లెస్సీ ముందు వరసలో. వచ్చేటప్పుడు వ్యానులో ఆ గోల ఉంది చూడు, హైవే పొడుగునా లారీల మోతను మించిపోయింది. ముందు సీట్లో ఆయన చెవులు మూసుకున్నారు. నేను మెషీన్ బటన్ ముట్టుకోలేదు.

సెప్టెంబరు 23

పొద్దున లేచి మెషీన్లు పెట్టుకున్నానో లేదో, ఇంట్లో పిట్ట కూస్తోంది. ఒక్కటే కూత, ఒకే ఎడంతో, చిప్ చిప్ చిప్ అని. కిటికీలోంచి ఏదో వచ్చి ఇరుక్కుందనుకుని కర్టెన్లన్నీ దులిపాను. ఫ్యాను పైకి చూశాను. పిట్ట లేదు.

బూర. పంజరం మధ్యలో కదలకుండా నిలబడి, ఎటూ చూడకుండా, పిట్టలా కూస్తోంది. ఆ జీర గొంతు కాదు, గుర్రు కాదు. ఈ ఆరేళ్లలో ఎప్పుడూ వినని గొంతు. రవ్వా నూకా అడుగు దూరంలో బొమ్మల్లా బిగుసుకుపోయి వింటున్నాయి. ఆయనను లేపాను. ఇద్దరం నైట్ లాంపు వెలుగులోనే పక్కపక్కన నిలబడ్డాం. ఎంతసేపో తెలీదు. తెల్లారి పాల బండి వచ్చేసరికి అది ఆపేసి, ఏమీ జరగనట్టు గడ్డి తినడానికి వెళ్లింది.

శాలినికి చెప్తే ఫోన్లోనే కేక పెట్టినంత పని చేసింది. గినీ పిగ్స్ చాలా అరుదుగా అలా కూస్తాయట, ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలీదట, తన ప్రాజెక్టులో ఆ ఒక్క కూతే లేదట.

"రికార్డ్ చేశావా అమ్మా?"

"లేదే. వింటూ ఉండిపోయాను."

"అయ్యో అమ్మా. పోనీ ఎలా ఉందో చెప్పు."

చెప్తే ఏం తెలుస్తుంది. గొంతు సవరించుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని కూశాను. చిప్ చిప్ చిప్. కొంచెం పైకి, ఇంకొంచెం పైకి, సరిగ్గా ఆ స్థాయి దొరికేదాకా. వెనక నుంచి బూర గట్టిగా అరిచింది, ఆయన నవ్వుతున్నారు, శాలిని అవతల మాట్లాడకుండా వింటోంది.

కాసేపటికి వాట్సాప్‌లో ఆ కూత నాకే తిరిగొచ్చింది. శాలిని నన్ను రికార్డు చేసేసింది. కింద ఫైలు పేరు ఉంది: అమ్మ, యాభై ఎనిమిదేళ్లు, గొంతు బాగుంది.